యంత్రానికి మంచీ చెడూ ఎవరు నేర్పాలి?

సాయంత్రం పుదుచ్చేరి బీచ్ రోడ్డులో, గాంధీ విగ్రహం దగ్గర కూర్చున్నాం. ఫోన్లో ఏఐని ఏవేవో అడుగుతున్న మనవరాలు తలెత్తి, "తాతయ్యా, దీనికి మంచీ చెడూ ఎవరు నేర్పుతారు?" అంది.

చెబుతా విను, అమ్మలూ. మనుషుల రాతలు కోట్లకొద్దీ చదివి అది మాట నేర్చింది. ఆ రాతల్లో మంచీ ఉంది, చెడూ ఉంది. అందుకని కొన్ని నియమాలు పెడతారు. ఒకే ప్రశ్నకు రెండు జవాబులు చెప్పించి, నియమాలకు తగినదాని వైపు దాన్ని మళ్లిస్తూ తర్ఫీదిస్తారు. మరి ఆ నియమాలు రాసేదెవరు? అసలు చిక్కంతా అక్కడే.

2023లో ఆంత్రోపిక్ అనే ఏఐ కంపెనీ, ఆ నియమాలు ఎలా ఉండాలో సుమారు 1000 మంది అమెరికన్లను అడిగి చూసింది. ఒకరు రాసిన వాక్యం మీద మిగతావాళ్లు ఓటేశారు. వేరువేరుగా ఆలోచించే గుంపులు కూడా కలిసి ఒప్పుకున్న వాక్యాలను ఏరి, వాటితో ఒక ఏఐకి తర్ఫీదిచ్చారు.

ఓటు గొప్పదే. 1954 అక్టోబర్ 18న, ఇక్కడికి పడమరనున్న కీళూరులో, అప్పటికి ఫ్రెంచి పాలనలో ఉన్న మన ప్రాంతపు ప్రతినిధులు 178 మంది ఓటేస్తే, 170 మంది భారతదేశంలో కలుద్దామన్నారు. నవంబర్ 1న ఫ్రెంచి పాలన పోయింది. కానీ ఆ ఒక్క రోజు ఓటు వెనక ఏళ్ల తరబడి జనం పడిన తర్జనభర్జన ఉంది. ఏఐ విషయంలో మనం ఇంకా ఆ తర్జనభర్జనే మొదలుపెట్టలేదు.

అదెలా ఉండాలో మన తెలుగు రైతులు చూపించారు. 2001 జూన్‌లో అప్పటి మెదక్ జిల్లా ఆల్గోల్‌లో "ప్రజాతీర్పు" జరిగింది. తీర్పరుల్లో ఎక్కువమంది చిన్న, సన్నకారు రైతులు. రాబోయే సేద్యం ఎలా ఉండొచ్చో మూడు రకాలుగా వీడియోలు చూశారు. తెలిసినవాళ్లను పిలిపించుకుని ప్రశ్నలడిగారు. చివరికి, సేద్యం మీద బతికేవాళ్లను 70 శాతం నుంచి 40కి తగ్గించాలన్న ప్రభుత్వ ఆలోచన వద్దన్నారు. జన్యుమార్పిడి పంటలూ వద్దన్నారు. అంతటితో ఆగక, తమకేం కావాలో కూడా చెప్పారు.

ఏఐ గురించీ అలాగే కూర్చోవాలి, తల్లీ. మన యానాం జాలరులు, ఇక్కడి తమిళ కూలీలు, ఇంగ్లిషు ముక్క రానివాళ్లు తమ భాషలోనే అడగాలి, వినాలి, వాదించుకోవాలి. ఆ యంత్రం రేపు వాళ్ల పనిలోకీ, వాళ్ల పిల్లల చదువులోకీ వస్తుంది. దాని దారి తేల్చే చోట వాళ్లకు పీట వెయ్యాలి.