గడ్డిచామంతిలో పూలెన్ని?

కెమెరాకు ఒకేసారి అందని పువ్వును పొరలుగా తీసి, ఒక్కటిగా పేర్చే ఫోకస్ స్టాకింగ్ కథ ఇది.

రోడ్డు వార, పొలం గట్టు, అపార్టుమెంటు ప్రహరీ పగుళ్లు... గడ్డిచామంతి లేని చోటు లేదు. చిన్నప్పుడు మోకాలు దోక్కుపోతే దీని ఆకు నలిపి పసరు పిండుకున్నవాళ్లు మనలో ఎందరో. మొక్కకు పూలెన్నో చెప్పమంటే కాడలు లెక్కపెట్టి చెప్పేస్తాం. కాడకు పూలెన్ని అంటే మాత్రం నవ్వుతాం. ఒక్కటే కదా!

కాదు. అంచున రేకుల్లా కనిపించే ఐదూ ఐదు పూలు. నడుమనున్న పసుపు బొడ్డు పదుల కొద్దీ గొట్టంపూల గుత్తి. గోరంత జాగాలో అంత జనాభా. దగ్గర్నుంచి ఫొటో తీసి లెక్కపెడదామంటే అక్కడే చిక్కు. ముందు వరసకు ఫోకస్ చేస్తే వెనక వరసలు పసుపు మరకలవుతాయి. వెనక్కి జరిపితే ముందువి మసకబారతాయి.

మిల్లీమీటరు మందం

కెమెరాకు దగ్గరయ్యేకొద్దీ ఫోకస్‌లో ఉండే లోతు తగ్గిపోతుంది. మాక్రో లెన్స్‌తో పువ్వు అసలు సైజులోనే సెన్సర్ మీద పడేలా (1:1) తీస్తున్నామనుకుందాం. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో ఎఫ్/8 పెడితే స్పష్టంగా వచ్చే మందం సుమారు 1 మిల్లీమీటరు. ఎఫ్/5.6 అయితే 0.7. ఏటవాలుగా చూస్తే గడ్డిచామంతి లోతు సెంటీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. అంటే ఒక్క ఫొటోలో పదునుగా దక్కేది పువ్వులో పదో వంతు.

ఎఫ్ నంబరు పెంచి లెన్స్ రంధ్రాన్ని చిన్నది చేస్తే పోలేదా? ఎఫ్/16కి వెళ్లినా దక్కేది 2 మిల్లీమీటర్లే. పైగా అంత దగ్గర్లో అది ఎఫ్/32తో సమానం. సన్నటి రంధ్రంలో దూరేటప్పుడు వెలుగు అంచుల దగ్గర వంగి చెదురుతుంది. భౌతికశాస్త్రంలో దీన్నే వివర్తనం అంటారు. దాంతో ఫోకస్‌లో ఉన్న భాగం కూడా పదును కోల్పోతుంది. లోతు కోసం వెళ్తే స్పష్టతే పోతుందన్నమాట.

పూతరేకుల లెక్క

ఆత్రేయపురం పూతరేకు ఒక్కటి చేతిలోకి తీసుకుంటే అవతలి వెలుగు కనిపిస్తుంది. ఒకదానిమీద ఒకటి వేసి మడిస్తేనే అది మిఠాయి. ఫోకస్ స్టాకింగ్‌దీ అదే దారి. పువ్వు ముందు కొస నుంచి వెనక కొస దాకా ఫోకస్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ వరసగా ఫొటోలు తీస్తారు. ప్రతి దాంట్లోనూ ఒక పలుచని పొర మాత్రమే పదునుగా ఉంటుంది. ఆ పొరల్ని కంప్యూటర్‌లో ఒక్కటి చేస్తారు.

పొరల మధ్య సందు ఉండకూడదు. ఎఫ్/5.6 దగ్గర 0.7 మిల్లీమీటర్ల మందం ఉంటుంది కాబట్టి అర మిల్లీమీటరు చొప్పున జరపాలి. అలా సెంటీమీటరు పువ్వుకు 20 ఫొటోలు. పూర్వం ఫోకస్ రింగును వేళ్లతో తిప్పడమో, కెమెరాను పట్టాల్లాంటి రెయిల్ మీద జరపడమో చేసేవారు. ఇప్పుడు చాలా కెమెరాలు తామే జరుపుకుంటాయి. 2017లో వచ్చిన నికాన్ డి850 వరసగా 300 ఫొటోల దాకా తీస్తుంది. ఒలింపస్ ఇ-ఎం1 అయితే 2015లో ఇచ్చిన అప్‌డేట్‌తో 8 ఫొటోలను కెమెరాలోనే కలిపేయడం నేర్చుకుంది.

గాలి ఒప్పుకోవాలి

ఈ విద్యలో పేరుమోసిన బ్రిటిష్ ఫొటోగ్రాఫర్ లెవాన్ బిస్ ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ మ్యూజియంలోని పురుగుల్ని తీశారు. ఒక్కో చిత్రానికి 8 వేల నుంచి 10 వేల ఫొటోలు. 2016లో ఆ చిత్రాల ప్రదర్శనకు వెళ్లినవాళ్లు గింజంత పురుగును గోడంత ఎత్తున చూశారు. అయితే ఆయన పురుగులు సూదికి గుచ్చిన నమూనాలు, కదలవు. మన పువ్వు బతికుంది. గడ్డిచామంతికి జానెడు కాడ, దాని చివర తల. పిల్లగాలికే ఊగుతుంది. ఒక్క మిల్లీమీటరు ఊగినా లెక్క తప్పుతుంది.

అందుకే ఎండ ముదరకముందే, గాలి నిలకడగా ఉన్నప్పుడే బయల్దేరాలి. కాడ పక్కన వెదురుపుల్ల గుచ్చి క్లిప్పుతో పట్టించాలి. గాలి వచ్చే వైపు థర్మకోల్ షీటు నిలబెట్టాలి. ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి, ఎక్స్‌పోజరూ వైట్‌బ్యాలెన్సూ మారకుండా బిగించాలి. ఇంట్లో సీసాలో పెట్టి తీస్తే ఫ్యాన్ కట్టేయాలి. ఇన్ని చేసినా, 12వ ఫొటో దగ్గర తేనెటీగ వాలిందంటే మొదటికొచ్చినట్టే. కలిపిన ఫొటోలో ఆ ఈగకు ఎన్ని కాళ్లు మొలుస్తాయో చెప్పలేం!

కలిపే చేతులు

ఫోకస్ మారితే పువ్వు సైజు కూడా కాస్త మారుతుంది. హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్, ఫొటోషాప్ లాంటి సాఫ్ట్‌వేర్లు మొదట ఆ తేడా సరిచేసి, ఏ చోటు ఏ ఫొటోలో పదునుగా ఉందో వెతికి ఏరుకుంటాయి. ఇందులోనూ ఒడుపుంది. ఒకదానిమీదుగా ఒకటి పోయే సన్నటి కేసరాలకు పిరమిడ్ పద్ధతి బాగుంటుంది కానీ నునుపైన రేకుల్ని గరుకు చేస్తుంది. రేకుల రంగు, నునుపు చెడకుండా ఉండాలంటే డెప్త్ మ్యాప్ పద్ధతి మేలు. అనుభవమున్నవాళ్లు రెండు రకాలుగానూ కలిపి, దేంట్లో ఏది బాగా వస్తే దాన్ని తీసుకుంటారు. ముందున్న కేసరం అంచున వెనక రేకు మీద పొగలాంటి మసక మిగిలితే, దాన్ని చేత్తో దిద్దుకోవాల్సిందే.

లెక్క తేలింది

ఇప్పుడు ఆ 20 పొరలూ కలిసిన గడ్డిచామంతిని తెర మీద పెద్దది చేసి చూడండి. రేకుల్లాంటి ఐదింటికీ చివర మూడేసి నొక్కులు. బొడ్డులో గొట్టంపూలు, ఒక్కోదానికి ఐదేసి చిన్న మూతులు. కొన్నింట్లోంచి పుప్పొడిని నెట్టుకుంటూ బయటికొచ్చిన కీలం, దాని కొస రెండుగా చీలి వెనక్కి వంగి ఉంది.

ఇంకాస్త చూస్తే మరో సంగతి. అంచు వరసలన్నీ విచ్చుకున్నాయి. నడుమవి మాత్రం ఇంకా మూసిన మొగ్గలే. ఈ కుటుంబంలో పూలు బయటి నుంచి లోపలికి వరస తప్పకుండా విచ్చుకుంటాయి. నిన్నటిది, ఇవాళ్టిది, రేపటిది... అన్నీ ఒకే కాడ మీద, ఒకే ఫొటోలో. ఒక్క వరస మసకైనా ఆ క్రమం తెలిసేది కాదు.

ఈ ఆదివారం గేటు పక్కన గడ్డి పీకేముందు ఒకసారి వంగి చూడండి. పూలెన్నో లెక్కపెట్టాక పీకొచ్చు.