ట్వీటర్ పోయిందనే ముందు

పాత స్పీకర్లో తాళాల మోత వినపడక, దుప్పటి ముసుగులోంచి పాడుతున్నట్టుగా ఉంటే వెంటనే వినిపించే తీర్పు: "ట్వీటర్ పోయింది, మార్చేయండి." ఆ మాట నమ్మి యాభై ఏళ్లనాటి అసలు ట్వీటర్‌ని విప్పి పారేసి, చేతికి దొరికినది బిగించిన స్పీకర్లు చాలా చూశాను. చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. వాటిలో ఎన్నింటికి అసలు ఏ జబ్బూ లేదో ఇప్పుడు చెప్పడానికి ఆధారం కూడా మిగలదు.

ఇక్కడ ఏఆర్-3ఏ స్పీకర్‌ని ముందు పెట్టుకుని మాట్లాడతాను. 1954లో ఎడ్గర్ విల్చర్, హెన్రీ క్లాస్ కలిసి అమెరికాలోని కేంబ్రిడ్జ్‌లో స్థాపించిన అకూస్టిక్ రీసెర్చ్ కంపెనీ తయారీ అది. చిన్న గోపురంలా ఉండే డోమ్ ట్వీటర్‌ని విల్చర్ 1958లో ఏఆర్-3తో ఇళ్లలోకి తెచ్చాడు. దాని తర్వాత వచ్చిన 3ఏలో 12 అంగుళాల వూఫర్, ఒకటిన్నర అంగుళాల మిడ్‌రేంజ్, ముప్పావు అంగుళం ట్వీటర్ ఉంటాయి.

"శబ్దం లేదంటే ట్వీటర్ కాలిపోయినట్టే"

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. ఆంప్లిఫయర్ నుంచి బయల్దేరిన సంకేతం ట్వీటర్‌కి నేరుగా చేరదు. కెపాసిటర్ దాటాలి, పెట్టె వెనకున్న కంట్రోల్ దాటాలి, ఎన్నో టంకాలు దాటాలి. 3ఏ వెనక రెండు కంట్రోళ్లు ఉంటాయి: ఒకటి మిడ్‌రేంజ్‌కి, ఒకటి ట్వీటర్‌కి. లోపల తీగ చుట్ట, దాని మీద జారే లోహపు పలక. దశాబ్దాలు ఎవరూ తిప్పకపోతే ఆ రెండూ తాకేచోట కిలుం పట్టి కరెంటు ఆగిపోతుంది. ఈ మోడల్‌లో మూగబోయిన ట్వీటర్ ఎదురైతే నేను మొదట అనుమానించేది ఈ కంట్రోల్‌నే.

తేల్చుకోవడం తేలిక. వాల్యూమ్ బాగా తగ్గించి, ట్వీటర్ దగ్గర చెవి పెట్టి, కంట్రోల్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి నెమ్మదిగా పదిసార్లు తిప్పండి. గరగరమని, మధ్యలో ఎక్కడో శబ్దం తొంగిచూసిందా, ట్వీటర్ బతికే ఉంది. తిప్పడంతో వచ్చిన బాగు ఎక్కువకాలం నిలవదు. వూఫర్ విప్పి, లోపలి దూది తీసి, కంట్రోల్‌ని బయటికి తెచ్చి శుభ్రం చేయాలి, లేదా కొత్తది వేయాలి. ఆ దూది గాజునార కావచ్చు. చేతులకు తొడుగులు, ముక్కుకు మాస్కు తప్పనిసరి.

కంట్రోల్ బాగానే ఉందనుకుంటే, ఈ పెట్టెలోని ట్వీటర్‌ని ఆ పెట్టెలోకి మార్చి చూడండి. మౌనం ట్వీటర్‌తోపాటు వెళ్తే తప్పు దానిదే. మౌనం పాత పెట్టెలోనే ఉండిపోతే తప్పు పెట్టెది.

"మీటర్ పెట్టి చూశాను, రీడింగ్ వచ్చింది"

ఎక్కడ పెట్టి చూశారు? వెనక టెర్మినళ్ల దగ్గర అయితే మీరు కొలిచింది వూఫర్‌ని. మల్టీమీటర్ పంపే డీసీ కరెంటుని కెపాసిటర్ ఆపేస్తుంది కాబట్టి ట్వీటర్ దానికి కనపడనే కనపడదు. ట్వీటర్ తీగల్లో ఒకటైనా ఊడదీసి కొలవాలి. 8 ఓమ్స్ అని రాసి ఉన్నదానికి 6 ఓమ్స్ దగ్గర వస్తే కంగారు అక్కర్లేదు, అది ఆరోగ్యమే. అసలు రీడింగే రాకపోతే కాయిల్ తెగినట్టు.

రీడింగ్ సరిగ్గా వచ్చినంత మాత్రాన కాయిల్ కదులుతుందని కూడా కాదు. 1960ల్లో నాసాలో రాకెట్ ఇంధనం కోసం పుట్టిన అయస్కాంత ద్రవం, ఫెర్రోఫ్లూయిడ్, తర్వాతి దశకంలో ట్వీటర్లలోకి వచ్చింది. కాయిల్ వేడిని లాగేయడం దాని పని. 3ఏకి ఈ సమస్య లేదు; 1970ల చివర, 1980ల ట్వీటర్లలో చూసుకోవాలి. ఏళ్లు గడిచి అది చిక్కబడి జిగురైతే ట్వీటర్ సన్నగా గొణుగుతుంది. పాతదాన్ని బ్లాటింగ్ కాగితంతో తుడిచేసి కొత్తది చుక్కల లెక్కన పోస్తే చాలావరకు మళ్లీ గొంతు విప్పుతుంది.

"బ్యాటరీ తాకిస్తే తెలిసిపోతుంది"

వూఫర్‌కి చేసే పరీక్ష ఇది. 6 ఓమ్స్ కాయిల్ మీద 9 వోల్టుల బ్యాటరీ పెడితే లెక్క ప్రకారం 13 వాట్ల పైమాటే. తలవెంట్రుకంత తీగకి అది శిక్ష. తప్పదనుకుంటే 1.5 వోల్టుల పెన్సిల్ సెల్‌ని రెప్పపాటు తాకించి టిక్కుమందేమో వినండి, అంతే.

"పెద్ద కెపాసిటర్ వేస్తే ట్రెబుల్ పెరుగుతుంది"

ట్వీటర్‌కి కాపలాదారు ఈ కెపాసిటరే. కింది స్వరాల బరువు దాని మీద పడకుండా ఆపుతుంది. 8 ఓమ్స్ ట్వీటర్‌కి 3.3 మైక్రోఫారడ్ వేస్తే కోత సుమారు 6,000 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. 10 మైక్రోఫారడ్ వేస్తే 2,000కి దిగిపోతుంది. ముప్పావు అంగుళం డోమ్ ఆ బరువు మోయలేదు. 3ఏ ట్వీటర్‌కి కంపెనీ వేసింది 6 మైక్రోఫారడ్. అదే విలువ వేయండి. కోఠి గుజరాతీ గల్లీ లాంటి చోట కొనేటప్పుడు 'నాన్ పోలార్' లేదా ఫిల్మ్ రకం అని అడగండి. ప్లస్, మైనస్ గుర్తులున్న మామూలు ఎలక్ట్రోలిటిక్ ఇక్కడ పనికిరాదు. పాతదాన్ని కొలవాలంటే ఒక కాలు ఊడదీశాకే కొలవాలి.

"ఆంప్ చిన్నది కదా, భయం లేదు"

చిన్న ఆంప్‌ని దాని శక్తికి మించి అరిపిస్తే అలల పైకొసలు తెగుతాయి. ఆ దశలో ఇంకా వాల్యూమ్ పెంచితే ట్వీటర్‌కి చేరే సగటు శక్తి పెరిగిపోతుంది. అది నిలకడగా తట్టుకునేది కొద్ది వాట్లే. పార్టీ అయిన మర్నాడు మూగబోయిన ట్వీటర్లు నిజంగానే కాలినవి.

"వయసైతే అయస్కాంతం చచ్చిపోతుంది"

ఫెరైట్ అయస్కాంతం మన జీవితకాలంలో చెప్పుకోదగ్గ బలం కోల్పోదు.

"సొట్టపడిన డోమ్‌ని వాక్యూమ్ క్లీనర్‌తో లాగేయొచ్చు"

గుడ్డ డోమ్ అయితే లోపలికి నొక్కుకుపోయినా తరచు పనిచేస్తూనే ఉంటుంది. మెత్తటి టేపుతో సున్నితంగా ప్రయత్నించవచ్చు. క్లీనర్ మాత్రం వద్దు, డోమ్‌తోపాటు కాయిల్‌నీ లాక్కుపోగలదు. 1974లో వచ్చిన యమహా ఎన్ఎస్-1000 లాంటివాటి జోలికి అసలే వెళ్లొద్దు. వాటి డోమ్ బెరీలియంతో చేసింది. అది పగిలితే వచ్చే ధూళి ఊపిరితిత్తులకు విషం.

"స్పీకర్‌దే తప్పు, నా చెవులు బాగానే ఉన్నాయి"

అరవై దాటినవాళ్లలో చాలామందికి 12,000 హెర్ట్జ్ పైన వినపడదు. రెండు చెవులూ ఒకేలా ముసలివి కావు కూడా. విల్చర్ స్పీకర్ల వ్యాపారం వదిలాక మిగతా జీవితంలో చాలాభాగం వినికిడి యంత్రాల పరిశోధనకే ఇచ్చాడు. ఆయన రూపొందించిన పద్ధతి, బలహీనమైన శబ్దాలను ఒక్కో స్వరశ్రేణిలో విడివిడిగా పెంచేది, ఆ రంగాన్నే మార్చింది. దాని మీద ఆయన పేటెంట్ తీసుకోలేదు.

స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఒక్క పని చేయండి. స్టీరియోని మోనోలో పెట్టి, స్పీకర్లకు ఎదురుగా కూర్చుని, మందంగా వినపడేది ఏ వైపో గుర్తుపెట్టుకోండి. ఎడమ అనుకుందాం. ఇప్పుడు కుర్చీ తిప్పి స్పీకర్లకు వీపు పెట్టి కూర్చోండి. ఆ మందం కుడిచెవి వైపుకి మారితే స్పీకర్ విప్పండి. ఇంకా ఎడమచెవిలోనే ఉంటే స్పీకర్‌ని అలాగే ఉంచి, చెవి డాక్టర్‌ని కలవండి.