సంతకము గల బంతి

విజయనగర రాజవంశీకులగు విజయానంద గజపతిరాజుగారు 1936లో భారత క్రికెట్ జట్టునకు నాయకులై ఇంగ్లండు వెళ్లిరి. అట్టి ఆటగాని సంతకము గల బంతియో, బ్యాటో మీ యింట నున్నచో దానిపై లక్క పూయింప బుద్ధి పుట్టవచ్చును. పూయింపకుడు.

అమెరికాలో బేస్‌బాల్ అను ఆట కలదు. దాని బంతికి తెల్లని తోలు తొడుగుదురు. బేబ్ రూత్ వంటి ఆటగాండ్ర సంతకములు చెరగకుండుటకై పలువురు ఆ బంతులపై లక్క పూసిరి. ఏండ్లు గడిచినకొలది ఆ పూత పసుపువన్నెకును, పిదప తేనెవన్నెకును తిరిగెను. తోలు తెలుపు పోయెను, అక్షరములు మసకబారెను. ఏటికొప్పాక బొమ్మకు శోభ నిచ్చు లక్కయే ఇచ్చట చేటు తెచ్చినది. బొమ్మకు వన్నె కావలెను, సంతకమునకు తెల్లదనము కావలెను గదా!

ఎండ సోకిన సిరా వెలిసిపోవును. కిటికీ వెలుగైనను మంచిది కాదు. చేతి చెమట, జిడ్డు తోలునకంటి క్రమముగా పసుపు మచ్చలగును. కావున పొడి నూలుగుడ్డతోనే పట్టుకొనవలెను. మన సముద్రతీరమున గాలిలో తేమ మెండు. వానకాలమున గాలి చొరని డబ్బాలో బంధించినచో బూజు పట్టును. తెల్లని నూలుగుడ్డలో చుట్టి, వంటింటి పొగకును గోడచెమ్మకును దూరముగ బీరువాలో నుంచి, అప్పుడప్పుడు తీసి చూడుడు. మచ్చ కనబడినను సబ్బునీరు తగిలింపరాదు. వెలిసిన గీతలపై మరల కలము నడుపరాదు. నడిపితిరా, అది ఆటగాని సంతకము గాక మీ చేవ్రాలగును.