పాత స్పోర్ట్స్ కారు – లోపాల అన్వేషణ

ఇంగ్లాండులోని ఆబింగ్డన్ కర్మాగారంలో 1962 నుండి 1980 వరకు తయారైన ఎం.జి.బి. స్పోర్ట్స్ కార్లు 5 లక్షలకు పైమాటే. ఎలక్ట్రానిక్ మెదడు లేని ఈ వాహనంలో లోపాన్ని కంటితో, చెవితో పసిగట్టవలసి ఉంటుంది. కారు మొరాయించగానే విడిభాగాలు మార్చబూనడం ధనాన్ని వృథా చేయడమే.

ఇంజను అంకురించకపోతే తాళంచెవి తిప్పి చెవియొగ్గి వినాలి. వెనుక భాగాన ఉన్న విద్యుత్ పెట్రోలు పంపు టకటకమని కొట్టుకొని, కార్బ్యురేటర్ల గిన్నెలు నిండగానే నెమ్మదిస్తుంది. చప్పుడే లేకపోతే పంపుకు విద్యుత్తు అందుతున్నదేమో పరీక్షించాలి. అందుతుంటే దానిలోని పాయింట్లు మసిబారి ఉండవచ్చు. చప్పుడు ఎంతకూ ఆగకపోతే ట్యాంకు ఖాళీ అయిందనో, గొట్టంలోకి గాలి చొరబడుతున్నదనో, పెట్రోలు కారుతున్నదనో భావించాలి. పెట్రోలు వాసన తగిలితే తక్షణమే స్విచ్చి కట్టివేయాలి.

దీపాలు మసకబారితే బల్బును నిందించడం పరిపాటి. నిజానికి ఈ కారులో విద్యుత్తు తిరిగి వెళ్ళే దారి ఉక్కు దేహమే. ఎర్తు తీగ అతుకు తుప్పు పట్టితే ప్రవాహం సన్నగిల్లుతుంది. తరచుగా గరుకు కాగితంతో అతుకును శుభ్రపరిస్తే వెలుగు తిరిగి వస్తుంది.

వీటన్నింటికంటె ప్రమాదకరమైనది తలుపుల క్రింది దూలాలకు పట్టే తుప్పు. ఈ కారుకు వేరుగా ఛాసిస్ లేదు. భారమంతా దేహమే మోస్తుంది. పైన మెరిసే రంగు లోపలి శిథిలతను దాచివేయగలదు. జాకీతో ఎత్తినపుడు తలుపు బిగుసుకుపోతే, వెల్డింగు పూర్తయ్యే వరకు ఆ కారును నడపరాదు.