కళాశాల చదువులో అనుకోని ఖర్చులు: స్వరూపం, కారణాలు, ఎదుర్కొనే మార్గాలు

వ్యాస సంగ్రహం:
ఉన్నత విద్యకు అయ్యే వ్యయాన్ని సాధారణంగా బోధన రుసుముతోనే కొలుస్తాం. కానీ పేద, మధ్యతరగతి విద్యార్థుల చదువుకు ఆటంకం కలిగించేవి చాలాసార్లు ఆ రుసుము వెలుపల ఉన్న చిన్న మొత్తాలే. పరీక్ష రుసుము, ప్రయోగశాల సామగ్రి, ప్రాజెక్టు వ్యయం, ధ్రువపత్రాల రుసుము వంటివి ఈ కోవకు చెందుతాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల వృత్తివిద్యా, డిగ్రీ కళాశాలల నేపథ్యంలో ఈ ఖర్చులను వర్గీకరించి, ఒక్కొక్క వర్గానికి తగిన పరిష్కారాన్ని సూచించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలక పదాలు: ఉన్నత విద్య, బోధన రుసుము, ఫీజు రీయింబర్స్‌మెంట్, విద్యారుణం, పరీక్ష రుసుము, తొలితరం విద్యార్థులు.

1. ఉపోద్ఘాతం:
తెలుగునాట చదువుకూ డబ్బుకూ మధ్య పెనుగులాట కొత్తది కాదు. పట్నంలో చదువుకోవాలన్న కోరిక ఉండి, అక్కడ రెండు పూటలా భోజనానికి దారిలేని పిల్లలు ఒకప్పుడు వారాలు చేసుకొని చదువుకున్నారు. రోజుకొక ఇంటివారు అన్నం పెడితే వారం గడిచేది. తరువాత వసతి గృహాలు వచ్చాయి. 1918లో హైదరాబాదులో వెలసిన రెడ్డి హాస్టల్ అటువంటి ప్రయత్నాలలో ఒకటి. చదువుకునే పిల్లవాడికి కూడూ గూడూ ఎవరో ఒకరు చూడాలన్న సామాజిక బాధ్యత వీటి వెనుక ఉంది.

టంగుటూరి ప్రకాశం పంతులు తల్లి ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి బిడ్డలను పెంచింది. పరీక్ష రుసుముకు మూడు రూపాయలు సమకూర్చుకోవడానికి పడిన అవస్థను ఆయన తన ఆత్మకథ ‘నా జీవిత యాత్ర’లో చెప్పుకున్నారు. ఏడాది పొడవునా పిల్లవాణ్ణి చదివించగలిగిన ఇల్లు మూడు రూపాయల దగ్గర తడబడింది. మొత్తం చిన్నదే. అయితే అది పరీక్ష అనే గుమ్మం దగ్గర నిలబడి ఉంది. దాన్ని దాటలేకపోతే ఏడాది శ్రమ వృథా అవుతుంది. నేటి విద్యార్థికి ఎదురయ్యే అనుకోని ఖర్చుల స్వభావం కూడా ఇదే. వాటి బరువును రూపాయలలో కాక, అవి ఎప్పుడు, ఏ గుమ్మం దగ్గర ఎదురవుతాయన్న దానితో కొలవాలి.

2. ‘ఫ్రీ సీటు’ అన్న భావన:
ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 ప్రాంతంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం విస్తృతమైన తరువాత వృత్తివిద్య ఎన్నో కుటుంబాలకు అందుబాటులోకి వచ్చింది. దానితోపాటు ‘ఫ్రీ సీటు’ అన్న మాట వాడుకలో స్థిరపడింది. కన్వీనర్ కోటాలో సీటు వస్తే ఇక డబ్బు కట్టనక్కరలేదన్న భావన తొలితరం విద్యార్థుల ఇళ్ళలో బలంగా ఉంది. ఈ భావన రెండు విధాలుగా అసంపూర్ణం.

మొదటిది, తిరిగి చెల్లించే మొత్తానికి పరిమితి ఉండవచ్చు. తెలంగాణలో ఇంజనీరింగ్ చదివే బి.సి., ఇ.బి.సి. విద్యార్థులకు ప్రవేశపరీక్షలో పదివేలలోపు ర్యాంకు వస్తే పూర్తి రుసుము లభిస్తుంది. ర్యాంకు ఆపైన ఉంటే సాధారణంగా ఏడాదికి 35,000 రూపాయలే గరిష్ఠం. కళాశాల రుసుము లక్ష రూపాయలనుకుంటే మిగిలిన 65,000 కుటుంబమే భరించాలి. రెండవది, ఆ పథకం ప్రధానంగా బోధన రుసుముకు సంబంధించినది. భోజనం, వసతి, పుస్తకాలు, ప్రయాణం వంటివి వేరు. ఈ తేడాను గుర్తించి 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బోధన రుసుముకు విద్యా దీవెననూ, వసతి, భోజన ఖర్చులకు వసతి దీవెననూ వేర్వేరు పథకాలుగా ప్రవేశపెట్టింది. రెండవదాని కింద ఏడాదికి ఐ.టి.ఐ. విద్యార్థికి 10,000, పాలిటెక్నిక్ విద్యార్థికి 15,000, డిగ్రీ ఆపై చదువులవారికి 20,000 రూపాయలు నిర్ణయించింది. పథకాల పేర్లూ పద్ధతులూ ప్రభుత్వాలతోపాటు మారవచ్చు. రుసుము వేరు, చదువు ఖర్చు వేరు అన్న తేడా మాత్రం మారదు.

3. అనుకోని ఖర్చులు – వర్గీకరణ:
‘అనుకోని’ అన్న ఒక్క మాట కింద మూడు భిన్నమైన ఖర్చులను కలిపి చూస్తున్నాం. వీటిని విడదీయకపోతే పరిష్కారం కూడా తప్పుతుంది.

3.1. చెప్పని ఖర్చులు:
ఇవి విద్యార్థికి మాత్రమే అనుకోనివి, కళాశాలకు ముందే తెలిసినవి. రికార్డు పుస్తకాలు, డ్రాయింగ్ సామగ్రి, ప్రయోగశాల కోటు, పరీక్ష రుసుము, ఉద్యోగ శిక్షణ తరగతుల రుసుము, పరిశ్రమల సందర్శన, చివరి ఏడాది ప్రాజెక్టు, పట్టా, ప్రొవిజనల్ ధ్రువపత్రాలు ఈ వర్గంలోకి వస్తాయి. ప్రతి ఏటా ప్రతి బృందానికీ ఇవి ఎదురవుతాయి. పై తరగతి విద్యార్థిని అడిగితే పావుగంటలో జాబితా దొరుకుతుంది. ఇంట్లో అంతకుముందు కళాశాల గడప తొక్కినవారు లేని విద్యార్థికి, ఎవరిని అడగాలో తెలియకపోవడమే అసలు లోటు.

హాజరుకు సంబంధించిన ఖర్చు కూడా ఈ కోవలోదే. హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం నిబంధనల ప్రకారం పరీక్షకు 75 శాతం హాజరు ఉండాలి. 65 నుంచి 75 శాతం మధ్య ఉన్నవారు తగిన కారణం చూపి, నిర్ణీత రుసుము చెల్లించి మినహాయింపు కోరవచ్చు. అంతకన్నా తగ్గితే డబ్బు కట్టినా ప్రయోజనం లేదు, ఆ సెమిస్టరును మళ్ళీ చదవవలసిందే. ఖర్చుల కోసం పగటిపూట పనికి వెళ్ళే విద్యార్థి ఈ లెక్కను తప్పక గుర్తుంచుకోవాలి. సంపాదించిన కూలి కన్నా పోగొట్టుకున్న హాజరు ఖరీదైనది కావచ్చు.

3.2. ఆలస్యపు ఖర్చులు:
రావలసిన డబ్బు సమయానికి రాకపోవడం వల్ల ఏర్పడేవి ఇవి. ప్రభుత్వం నుంచి రుసుము బకాయిలు విడుదల కావడంలో జాప్యం రెండు రాష్ట్రాలలోనూ తరచుగా ఎదురయ్యే సమస్య. బకాయిల కోసం 2025లో తెలంగాణలోని ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలల యాజమాన్యాలు కళాశాలలు మూసి నిరసన తెలిపేదాకా పరిస్థితి వెళ్ళింది. యాజమాన్యానికీ ప్రభుత్వానికీ మధ్య ఉన్న ఈ లెక్క చివరకు విద్యార్థి మీద పడుతుంది. “ముందు మీరు కట్టండి, ప్రభుత్వం ఇచ్చాక తిరిగి ఇస్తాం” అన్న మాట హాల్ టికెట్ల సమయంలోనో, ధ్రువపత్రాలు తీసుకొనే సమయంలోనో వినిపిస్తుంది.

డబ్బు చేరే మార్గం కూడా ముఖ్యమే. విద్యా దీవెన కింద రుసుమును తల్లుల ఖాతాలలో జమచేసినప్పుడు, దాన్ని కళాశాలకు చెల్లించే బాధ్యత కుటుంబానిదిగా ఉండేది. ఇంట్లో వైద్యానికో, సేద్యానికో అది ఖర్చయితే కళాశాల పుస్తకాలలో బాకీ విద్యార్థి పేరునే నిలిచేది. కళాశాలకే నేరుగా చెల్లించే పద్ధతిలో ఈ చిక్కు లేదు గాని, జాప్యమైనప్పుడు యాజమాన్యం ఒత్తిడి ఉంటుంది.

3.3. ఆకస్మిక ఖర్చులు:
జ్వరం, ప్రమాదం, కంప్యూటరు చెడిపోవడం, ఇంటి సంపాదనాపరుడు పని కోల్పోవడం వంటివి నిజంగా ముందుగా తెలియనివి. ఒక సబ్జెక్టులో తప్పి మళ్ళీ పరీక్ష రాయడం, పునర్మూల్యాంకనం కోరడం కూడా కొంతవరకు ఈ వర్గంలో చేరుతాయి.

4. ఎదుర్కొనే మార్గాలు:
చెప్పని ఖర్చుకు మందు సమాచారం, ఆలస్యపు ఖర్చుకు గడువు, ఆకస్మిక ఖర్చుకు నిల్వ. మూడింటికీ అప్పునే మందుగా వాడడం వల్ల సమస్య పెరుగుతోంది.

4.1. జాబితా తయారీ:
చేరిన మొదటి నెలలోనే కోర్సు పూర్తయ్యేవరకు రాబోయే ఖర్చుల జాబితాను సెమిస్టర్ల వారీగా రాసుకోవాలి. పై తరగతి విద్యార్థులు, శాఖ కార్యాలయం, విశ్వవిద్యాలయ ప్రకటనలు ఇందుకు ఆధారాలు. ఉదాహరణకు ఒక సెమిస్టరులో ఇటువంటివి 6,000 రూపాయలనుకుంటే, నెలకు వెయ్యి చొప్పున పక్కన పెట్టవచ్చు. ఒక్కసారిగా 6,000 అడిగితే తడబడే ఇల్లు నెలకు వెయ్యి సర్దగలగడం అసాధ్యం కాదు. అది కూడా కుదరని ఇంటికి, ఎంత కావాలో ఎప్పుడు కావాలో ముందే తెలిస్తే సాయం వెతకడానికి వ్యవధి దొరుకుతుంది.

4.2. గడువు కోరడం:
ఆలస్యమైన డబ్బు కోసం అప్పు చేయడం కన్నా గడువు కోరడం మేలు. కోరిక నోటిమాటగా కాక ప్రిన్సిపాల్ పేరున లేఖ రూపంలో ఉండాలి. ఉపకారవేతన దరఖాస్తు సంఖ్య, మంజూరు స్థితి చూపే పత్రం జతచేసి, ఒక ప్రతిపై అందినట్లు సంతకం తీసుకోవాలి. చెల్లించిన ప్రతి రూపాయికీ రశీదు ఉండాలి. ప్రభుత్వ సొమ్ము వచ్చాక తిరిగి ఇస్తామన్న మొత్తానికి రశీదు లేకపోతే, తరువాత అడిగే హక్కు బలహీనపడుతుంది. చేరినప్పుడు కట్టిన ధరావతు రశీదును కూడా కోర్సు చివరివరకు భద్రపరచుకోవాలి.

కళాశాల మారవలసి వచ్చినవారు విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018 అక్టోబరులో ప్రకటించిన నియమాలను తెలుసుకోవాలి. ప్రవేశాల చివరి తేదీకి 15 రోజులు లేదా అంతకుముందు వైదొలగితే, స్వల్ప కార్యాలయ ఖర్చు మినహా, రుసుము పూర్తిగా తిరిగి ఇవ్వాలి. ఆ 15 రోజులలోపు అయితే 90 శాతం, చివరి తేదీ తరువాత 15 రోజులలోపు అయితే 80 శాతం, 30 రోజులలోపు అయితే 50 శాతం ఇవ్వాలి. ఆ తరువాత ఏమీ రాదు. విద్యార్థి అసలు ధ్రువపత్రాలను సంస్థలు తమ వద్ద ఉంచుకోరాదని కూడా ఆ ప్రకటన చెబుతుంది.

4.3. రుణం – తగినది, తగనిది:
బ్యాంకుల సంఘం రూపొందించిన నమూనా విద్యారుణ పథకం బోధన రుసుముకే పరిమితం కాదు. వసతి, పరీక్ష, గ్రంథాలయ, ప్రయోగశాల రుసుములు, పుస్తకాలు, పరికరాలు, కంప్యూటరు, ప్రాజెక్టు, అధ్యయన యాత్రల వ్యయం కూడా అందులో చేర్చవచ్చు. చాలామంది దరఖాస్తులో బోధన రుసుము మాత్రమే చూపి, మిగిలినవాటికి బయట అధిక వడ్డీకి తెస్తున్నారు. మంజూరుకు ముందే పూర్తి జాబితా ఇవ్వడం ఇందుకు పరిష్కారం. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పి.ఎం. విద్యాలక్ష్మి పథకం కింద, ఎంపికైన సంస్థలలో చేరినవారిలో 8 లక్షలలోపు వార్షికాదాయం ఉన్న కుటుంబాలకు 10 లక్షల వరకు రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. తమ కళాశాల ఆ జాబితాలో ఉందో లేదో ముందు చూసుకోవాలి.

చిన్న మొత్తాలకు తల్లి సభ్యురాలిగా ఉన్న స్వయం సహాయక సంఘం మేలైన ఆధారం. ఊళ్ళో నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. 5,000 రూపాయలు నాలుగు నెలలకు తెస్తే 600 రూపాయల వడ్డీ అవుతుంది. ఇదే ఎక్కువనుకుంటే, అక్రమ రుణ యాప్‌ల లెక్క మరీ దారుణం. 5,000 అప్పుగా చూపి, 4,000 చేతికిచ్చి, వారంలో 5,000 కట్టమంటే ఆ వడ్డీ వారానికే 25 శాతం. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, మొత్తం వార్షిక వ్యయం చూపే ముఖ్య వివరాల పత్రాన్ని రుణానికి ముందే ఇవ్వాలి. రుణ యాప్ ఫోనులోని పరిచయాల జాబితాను, చిత్రాలను తాకరాదు. పరిచయాల అనుమతి అడిగే యాప్‌ను అక్కడికక్కడే తొలగించడం విద్యార్థి తనకు తాను చేసుకునే మొదటి రక్షణ.

4.4. ఖర్చు తగ్గించుకొనే ఆధారాలు:
ప్రతి పుస్తకాన్నీ కొననక్కరలేదు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పాఠ్యగ్రంథాలు తెలుగు మాధ్యమ విద్యార్థులకు ఉపయోగపడతాయి. ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. నిర్వహించే జాతీయ డిజిటల్ గ్రంథాలయం, కేంద్ర ప్రభుత్వ ‘స్వయం’ పాఠాలు ఉచితంగా లభిస్తాయి. డ్రాయింగ్ సామగ్రి, ప్రయోగశాల కోటు వంటివి పై తరగతివారి నుంచి తీసుకొని, తరువాతివారికి అందించే ఏర్పాటును తరగతి విద్యార్థులే చేసుకోవచ్చు.

5. సంస్థల బాధ్యత:
పై మార్గాలన్నీ విద్యార్థి చేయవలసినవి. కానీ చెప్పని ఖర్చును చెప్పే బాధ్యత సంస్థదే. ప్రవేశ సమయంలోనే నాలుగేళ్ళ ఖర్చుల పట్టికను తెలుగులో ముద్రించి తల్లిదండ్రుల చేతికివ్వడానికి అయ్యే వ్యయం ఒక్క కాగితం. తప్పనిసరి ఖర్చునూ ఐచ్ఛిక ఖర్చునూ అందులో వేరుచేసి చూపాలి. పరీక్ష రుసుము గడువుకు ముందు, కట్టనివారి వివరాలను నోటీసు బోర్డుపై అంటించే బదులు అధ్యాపకుడు ఒక్కొక్కరినీ విడిగా పిలిచి కారణం అడగాలి. డబ్బు లేదని నలుగురిలో చెప్పలేక తరగతికి రావడం మానేసే విద్యార్థులు ఉంటారు. వారి విషయంలో మొదట హాజరు, తరువాత పరీక్ష, ఆ తరువాత చదువే చేజారుతుంది. శాఖ స్థాయిలో పూర్వ విద్యార్థులు ఏర్పరచే చిన్న నిధి ఇటువంటివారికి ఆ వారంలోనే అందితే ఒక ఏడాది నిలుస్తుంది.

6. ముగింపు:
1. అనుకోని ఖర్చులనబడేవాటిలో చాలా భాగం నిజానికి చెప్పని ఖర్చులు. వాటిని ఎదుర్కొనే తొలి సాధనం సమాచారం.
2. ఫీజు రీయింబర్స్‌మెంట్ ప్రధానంగా బోధన రుసుముకు సంబంధించినది కనుక, ‘ఫ్రీ సీటు’ వచ్చినా మిగిలిన వ్యయానికి ప్రణాళిక అవసరం.
3. ప్రభుత్వ జాప్యం వల్ల ఏర్పడే ఖర్చుకు లిఖితపూర్వకంగా గడువు కోరడం సరైన మార్గం, అధిక వడ్డీ అప్పు కాదు.
4. విద్యారుణ దరఖాస్తులో బోధనేతర ఖర్చులను కూడా మొదటే చేర్చాలి.
5. ఖర్చుల పట్టికను ప్రవేశ సమయంలోనే ఇవ్వడం ప్రతి కళాశాల కనీస బాధ్యత.

వారాలు పెట్టిన ఇళ్ళవారు పిల్లవాడు ఏ రోజు ఏ గుమ్మానికి వెళ్ళాలో ముందే చెప్పేవారు. అందుకే ఆ పిల్లవాడు ఆకలికి భయపడక చదువుకోగలిగాడు. నేటి విద్యార్థికి కావలసింది కూడా ప్రధానంగా ఆ ముందుమాటే.