మైపాడు తీరం: సరదాతోపాటు జాగ్రత్తా అవసరం

నెల్లూరు: సముద్ర విహారానికి గోవాకో, బాలికో పోయే స్తోమత అందరికీ ఉండదు. నెల్లూరు వాసులకు ఆ బెంగ అక్కరలేదు. పట్టణానికి సుమారు 25 కిలోమీటర్ల దూరంలోనే మైపాడు తీరం ఉంది. పులిహోర పొట్లం, మంచినీళ్ళు పట్టుకుని ఉదయం బస్సెక్కితే సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు.

మైపాడు ఉన్న ఇందుకూరుపేట మండలంలోనే, పెన్న ఒడ్డున పల్లిపాడు ఉంది. అక్కడి పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని 1921 ఏప్రిల్ 7న గాంధీజీ ప్రారంభించారు. సముద్రానికి వెళ్ళేవారు ఆశ్రమాన్నీ చూసి రావచ్చు.

కార్తీక పౌర్ణమికి సముద్ర స్నానాల కోసం మైపాడుకు జనం తరలివస్తారు. అయితే ఈ తీరంలో స్నానానికి దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవారూ ఉన్నారు. కెరటాలు విరగక నిదానంగా కనిపించేచోటే నీరు మనిషిని లోపలికి లాగవచ్చు. ఆ లాగుడులో చిక్కినవారు ఒడ్డుకు ఎదురీదితే అలసిపోతారు. తీరం వెంబడి పక్కకు ఈది, లాగుడు తప్పాక ఒడ్డుకు మళ్ళాలి.

ఈత రానివారు మోకాటి లోతు దాటరాదు. పిల్లల చేయి వదలరాదు. దిగేముందు అక్కడి మత్స్యకారులను ఒక మాట అడగడం మేలు. ఆ రోజు సముద్రం తీరు వారికి తెలిసినట్లు మరొకరికి తెలియదు.