ప్రదర్శన గుఱ్ఱమునకు గిట్టల మెఱుగు



కనుమనాడు మన యిండ్లలో ఎద్దుల కొమ్ములు గీకి, నూనె రాచి, రంగులు పూయుట మీరెల్లరు నెఱిగినదే. ఆ రంగు నాలుగు దినములు కంటికి పండుగ చేసి పోవును. ఈ సాయంకాలము నేను చెప్పబోవు విషయము దానికి దగ్గఱి చుట్టము. గుఱ్ఱమును ప్రదర్శనమునకు సిద్ధపఱచునప్పుడు దాని గిట్టలకు ఎట్టి మెఱుగు పూయవలెను, ఎప్పుడు పూయరాదు అను మాట. కొమ్మును గిట్టయు ఒక్కజాతి పదార్థమే. కాని ఎద్దు కొమ్ములమీద నడువదు. గుఱ్ఱము గిట్టలమీదనే నడుచును. భేదమంతయు అక్కడనే యున్నది.

మన గ్రామములలో నేడు గుఱ్ఱములు అరుదు. ఐనను పెండ్లి ఊరేగింపులకొఱకో, ముచ్చటకొఱకో పెంచువారు లేకపోలేదు. రాజస్థానములో అజమీరు చెంతనున్న పుష్కరమునందు కార్తికమాసమునను, మహారాష్ట్రములో తాపీనది యొడ్డున సారంగఖేడాయందు దత్తజయంతి వేళను గొప్ప గుఱ్ఱపు సంతలు జరుగును. చెవికొనలు లోనికి వంగియుండు మార్వాడీ గుఱ్ఱములు అచ్చట పేరుగన్నవి. ప్రదర్శనములలో పరీక్షకులు గుఱ్ఱమును నిలిపి చూతురు, నడిపించి చూతురు, పరుగెత్తించి చూతురు. ఎంత అందమైన మెడయున్నను కాలు సరిగా లేనిచో ఆ గుఱ్ఱము ఎందుకును కొఱగాదు. కావుననే చూచువారి దృష్టి గిట్టలమీద పడును. కావుననే యజమానుడు వానిని మెఱయింపగోరును.

మెఱుగు మాటకు ముందు గిట్ట మాట కొంచెము తెలియవలెను. గిట్ట వెలుపలి గోడ మన గోరువంటిది. కాలివెండ్రుకలు ముగిసి గిట్ట మొదలగుచోట మెత్తని అంచొకటి కలదు. గోడ అక్కడ పుట్టి క్రిందికి దిగుచుండును. నెలకు 6 మొదలు 10 మిల్లీమీటర్ల దాక పెరుగును. ముందువైపు గోడ పూర్తిగా క్రొత్తదగుటకు 9 నెలలనుండి 12 నెలలు పట్టును. ఈ లెక్క జ్ఞాపకముంచుకొనుడు; దీనితో మరల పని కలుగును.

ఆ గోడమీద, పైభాగమున, సన్నని సహజమైన పొర యొకటి యుండును. లోపలి తడి వేగముగా ఆఱిపోకుండ అది కాపుదల. కొందఱు నునుపు రావలెనని ఆకురాయితోను గరుకు కాగితముతోను ఆ పొరను రుద్దివైచి, దానిమీద వార్నీషువంటి మెఱుగు పూయుదురు. ఇంటికప్పు పెంకులు తీసి పందిరి వేసికొన్నట్లే యిది.

గిట్టలకు పూయునవి ముఖ్యముగా మూడు విధములు. మొదటిది నూనె. అవిసెనూనె, ఉన్నిక్రొవ్వు, తేనెమైనము మున్నగువానితో వీనిని చేయుదురు. ఇది తడిసిన గిట్టకుండు నిగనిగ నిచ్చును. పచ్చిక మైదానములో జరుగు ప్రదర్శనమునకు ఇది చాలును. మన సంతల దుమ్ములోనైతే నాలుగడుగులు వేయకమునుపే గిట్ట పిండిలో దొర్లించిన అప్పమువలె నగును. రెండవది రంగులేని మెఱుగు. త్వరగా ఆవిరియగు ద్రవములో జిగురుపదార్థమును కరిగించి దీనిని చేయుదురు. ద్రవము పోగా గాజువంటి పొర నిలుచును. దుమ్ము దానికి అంతగా అంటదు. మూడవది నల్లమెఱుగు. రెండవదానికి నల్లరంగు కలిపిన అదియే యగును.

వీనిలో దేనిని ఎన్నుకొనవలెను? మొదట ఆ ప్రదర్శనముయొక్క నిబంధనలు చదువుడు. కొన్ని తావులలో రంగుపూత కూడదందురు. కొన్ని తావులలో ఏ పూతయు కూడదందురు. నిబంధన తెలియక చేసిన శ్రమ మొదటికే మోసము తెచ్చును. తరువాత కాలిరంగు చూడుడు. పైయంచునందలి చర్మముయొక్క రంగునుబట్టియే గిట్టరంగు ఏర్పడును. కాలు నల్లనిదై గిట్టయు నల్లనిదైనచో నల్లమెఱుగు పూసినను తప్పులేదు. అక్కడక్కడ వెలిసిన వన్నె సమమగును. కాలు తెల్లనిదై గిట్ట దంతపురంగున నున్నచో రంగులేనిదే పూయవలెను. తెల్లకాలిక్రింద నల్లగిట్ట, చలువ పంచెక్రింద మసి అంటిన పాదమువలె కానవచ్చును. అమెరికాలో అపలూసా యను మచ్చల గుఱ్ఱపుజాతి కలదు. నిలువుచారల గిట్ట ఆ జాతిలక్షణములలో నొకటి. దానికి నల్లమెఱుగు పూయుట, జాతిగుర్తును చేతులార చెఱుపుకొనుటయే.

తెల్లగిట్ట మెత్తనిది, బలహీనమైనది అను నమ్మిక చాల తావుల నున్నది. గిట్టలను పరీక్షించి చూచినవారికి రంగునుబట్టి బలమునందు భేదము కనబడలేదు. కావున తెలుపును దాచుటకై నల్లమెఱుగు పూయ నక్కఱలేదు.

పూయు విధము సులభము. ముందటి సాయంకాలమే గిట్టలను కడిగి, కుంచెతో మట్టి పోగొట్టి, పూర్తిగా ఆఱనిండు. తడిగిట్టపై పూసిన మెఱుగు పొలుసులుగా లేచును. ప్రదర్శనమునకు కొంచెము ముందు గుఱ్ఱమును గట్టి నేలమీదనో వెడల్పు పలకమీదనో నిలుపుడు. వెండ్రుకల కంటకుండ, పైయంచునుండి క్రిందికి పలుచగా ఒక్కపూత పూయుడు. అడుగుభాగమునకును, అడుగున ముక్కోణముగా మెత్తగానుండు భాగమునకును మెఱుగు తగులనీయరాదు. ఆఱువఱకు గుఱ్ఱమును కదలనీయకుడు. ఈ మెఱుగు అగ్గికి సులభముగా అంటుకొనును. చుట్టగాని బీడీగాని చేతనుంచుకొని ఈ పని చేయరాదు. ప్రదర్శనము ముగిసినదినముననే, మెఱుగు తీయు ద్రవముతో పాతగుడ్డను తడిపి దానిని తుడిచివేయుడు. పూతకంటె ఈ తుడుపే ముఖ్యము. ఎందుకో నా కథ చెప్పెదను.

నాకొక ముదురెఱుపు గోడిగ కలదు. ముందు కుడికాలు మాత్రము తెలుపు. ఆ గిట్టయు తెలుపే. పదునైదేండ్ల క్రిందట దానిని పెండ్లి ఊరేగింపులకు పంపుచుంటిని. నాలుగు గిట్టలును ఒక్కరీతిగా కనబడవలెనని నల్లమెఱుగు పూయించితిని. ఒక పెండ్లిపూత తీయకమునుపే మఱియొక పెండ్లి వచ్చును; పాతపూతమీద క్రొత్తపూత పడును. అందఱు అందమని మెచ్చుచుండిరి, నేనును మెచ్చుకొనుచుంటిని. ఆ ధైర్యముతో దానిని ఒక సంతలోని ప్రదర్శనమునకు కొనిపోతిని.

పరుగెత్తించినప్పుడు కుడి ముందుకాలు ఇంచుక కుఱుచగా వేసినది. నాకు తెలియలేదు, పరీక్షకునకు తెలిసినది. ఆ వృద్ధుడు గుఱ్ఱమును నిలిపించి, గిట్టను పట్టి చూచి, మెఱుగు తీయించుమనెను. పొరలు పొరలుగా నలుపు దిగినది. దానిక్రింద, నేలనుండి పైయంచునకు రెండు వ్రేళ్ళ దూరముదాక, నిలువుచీలిక యొకటి కనబడినది.

"అయ్యా, ఈ పూత ఎవరి కన్నులకు పూసితిరి? మా కన్నులకా, మీ కన్నులకా?" అని ఆయన నెమ్మదిగా అడిగెను.

అమ్ముటకై దాచినాడని చుట్టునున్నవారు గుసగుసలాడిరి. నేను దాచలేదు; నాకు తెలియనే తెలియదు. కాని దాచిన వానికంటె నేను అధముడనని నాకు తోచినది. దాచినవానికి చీలిక యున్న సంగతియైనను తెలియును. ప్రతిదినము దాణా పెట్టుచు, మాలీసు చేయుచు, ఆ గిట్టను చూడకుండ చేసినది నా చేతిపూతయే. చీలిక చిన్నదిగానున్న నాడే చూచియుంటినేని, లాడము కొట్టువాడు ఒక్క పూటలో చక్కబఱచియుండును.

తరువాత ఆతడు చీలికయొద్ద గోడ నేలకు తగులకుండ తఱిగి, లాడము మార్చి, పని మాన్పించుమనెను. చీలినగోడ తిరిగి అతుకదు. పైనుండి మంచిగోడ దిగవలెను. క్రింద చెడినది అరిగిపోవలెను. ఇందాక చెప్పిన లెక్క యిదియే. పది నెలలు గోడిగ సాలలో నిలిచినది. ఆ యేటి పెండ్లిండ్ల రాబడి పోయినది. దాణా ఖర్చు మాత్రము తగ్గలేదు. నెలనెలకు ఆ మంచిగోడ క్రిందికి దిగుచుండగా చూచుటయే నాకు కలిగిన చదువు.

ఇక మీకొక విన్నపము. మీ యూరివారెవరైన గుఱ్ఱమును కొనబోవునప్పుడు మిమ్ములను వెంటబెట్టుకొని పోవుదురు. మెఱయుచున్న గిట్టను చూచి బేరము చేయనీయకుడు. నాలుగు గిట్టలకును పూత తీయించి, ఆఱిన తరువాత పగటివెలుగున చూడుడు. నిలువుచీలికలు కలవేమో చూడుడు. గిట్టచుట్టు నుండు వలయములు చూడుడు. మేత మారినప్పుడు సన్నని, సమమైన వలయములు పడుట సహజము; భయపడ నక్కఱలేదు. వలయముల నడిమి యెడము ముందువైపు ఇఱుకుగాను మడమవైపు వెడల్పుగాను ఉన్నచో, ఆ గుఱ్ఱమునకు గిట్టలోపల వాపు వచ్చియుండవచ్చునని అనుమానింపవలెను. పశువైద్యునకు చూపకుండ సొమ్ము చెల్లింపరాదు. ఈ వలయములన్నిటిని నల్లమెఱుగు నున్నగా కప్పివేయగలదు. పైన పటారము, లోన లొటారము అను మన సామెత ఇట్టి తావులకే తగియున్నది.

బేరము చెడి తగవు మీ ముందునకు వచ్చినచో, నా యభిప్రాయ మిది. అమ్మువాడు మెఱుగు పూయుట తప్పు కాదు. పెండ్లికూతునకు పసుపు పూయమా? తీసి చూపుమన్నప్పుడు తీయకుండుట తప్పు. అడుగకుండ కొనుట కొన్నవాని తప్పు. ఈ మూడింటిని వేఱుచేసి చూచినచో తీర్పు చెప్పుట కష్టము కాదు.

నా గోడిగ నేటికిని ఉన్నది. ముసలిది, పనినుండి విరమించినది. పండుగనాడు మా మనుమలు పోరుచుందురు గనుక దాని గిట్టలకు మెఱుగు పూయుదును. రంగులేనిదే పూయుదును. దీపములు పెట్టకమునుపే తుడిచి, ముందు కుడిగిట్టను ఒకమాఱు చేతితో తడవి చూచి, పిమ్మట మేత వేయుదును.

ఇక సెలవు.